మనిషి మోకు కాదు

మొన్నటి ఎండకాలంల నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు పోయే తొవ్వల మన వాడ పిల్లగాని కాలు విరిగింది. పేపర్ల రాలేదు. చావు అయితే నాలుగు లైన్లు వచ్చేదేమో. కాలు విరిగితే వార్త కాదు. అందుకే మన పత్రికల మనమే రాసుకుంటున్నం.

పిల్లగానికి పందొమ్మిదేండ్లు. ఇంటర్ సగంల ఆపిండు. మా దిక్కు నుంచి పొద్దుగాల బండెక్కి నాంపల్లిల దిగి పని ఎతుక్కున్న వందల మందిల ఒకడు. ఆబిడ్స్, నాంపల్లి గల్లీలల్ల లాడ్జీలు, హోటళ్లు, దుకాణాల బిల్డింగులు కిక్కిరిసి ఉంటయి. ప్రతి బిల్డింగు మీద నీళ్ల టాంకులు, కింద సంపులు. అవి కడిగే పనికి కుదిరిండు. టాంకు ఖాళీ చేసినంక దాన్ని కడగడానికి ఆ బిల్డింగుల నీళ్లుండవు గదా. అందుకే కడిగేటోళ్లు తమ నీళ్లు తామే వ్యానుల తెచ్చుకుంటరు. పాత చిన్న వ్యాను. వెనుక 500 లీటర్ల నల్ల ప్లాస్టిక్ టాంకు, పక్కకు మోటరు, పైపు చుట్ట, బ్రష్షులు, బకెట్లు. ముందు రెండే సీట్లు. ఒకటి డ్రైవరుది, ఇంకొకటి మేస్త్రీది. మన పిల్లగాడు వెనుక, టాంకుకూ వ్యాను గోడకూ నడుమ. ఎక్కేటప్పుడు రోజూ చెప్పే మాట ఒకటే: ‘‘టాంకు పట్టుకొని కూసో.’’

ఆ దినం ఒక మోటరుసైకిల్ అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు కొట్టిండు. అతని తప్పు లేదు, కొట్టకపోతే మోటరుసైకిల్ మీది మనిషి పోయేటోడు. టాంకు ముందుకు జారి పక్కకు తిరిగింది. మోకాలు కింద రెండు తావుల బొక్క విరిగింది. టాంకుకు కట్టింది ఏమిటిదని తర్వాత పోయి చూసినం. బట్టలారేసుకునే నైలాన్ తాడు, ఒక్క చుట్టు.

ఓనరు మొదటిరోజు దవాఖాన ఖర్చు పెట్టుకున్నడు, మీదికెల్లి అయిదు వేలు చేతుల పెట్టిండు. ‘‘బ్రేకు కొడితే ఎవరేం చేస్తరు సార్, వాని టైం బాగలేదు’’ అన్నడు. అది విన్నప్పుడు మాకు కోపం వచ్చింది. కాని మమ్మల్ని నిద్రపోనియ్యనిది ఆ మాట కాదు. మంచంల పండుకున్న పిల్లగాడు మెల్లగ అన్న మాట. ‘‘తప్పు నాదే సార్. నేనే గట్టిగ పట్టుకోలేదు.’’

ఈ వ్యాసం ఆ మాటకు జవాబు.

పట్టుకుంటే ఆగేదేనా?

మేము బడిల లెక్కలు చెప్పేటోళ్లం. మా ఇంట్ల డిగ్రీ దాక పోయింది మాతోనే మొదలు. కాబట్టి ముందుగాల లెక్క చేద్దాం. లెక్కకు కులం లేదు, ఓనరుకూ పనోనికీ ఒక్క తీరుగనే వస్తది.

ఒక లీటరు నీళ్లు ఒక కిలో. 500 లీటర్లు 500 కిలోలు. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు పది. పది సిమెంటు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి పక్కన ఒక పిల్లగాన్ని కూసోబెట్టి, బండి ఆగినప్పుడు అవి జారకుండ పట్టుకో అంటే ఊళ్లె ఎవడన్న ఒప్పుకుంటడా? ‘నీకు పిచ్చిలేసిందా’ అంటరు. అదే బరువు నల్ల టాంకుల పోసి ఇస్తే మాత్రం మనకు బరువు కనబడదు, టాంకే కనబడతది. ఖాళీ టాంకును ఒక్కడు భుజాన వేసుకొని మెట్లెక్కుతడు. అందుకని నిండిన టాంకును గూడ ఒక్కడు ఆపగలడనుకుంటం. ఇక్కడనే మోసపోతున్నం.

బండి పోతున్నప్పుడు టాంకు గూడ అదే వేగంతోటి పోతున్నది. బ్రేకు బండికి పడతది, టాంకుకు పడదు. టాంకును ఏదో ఒకటి పట్టి ఆపితే తప్ప అది పోతనే ఉంటది. బలంగ బ్రేకు కొట్టినప్పుడు సరుకు తన బరువుల పదికి ఎనిమిది వంతుల బలంతోటి ముందుకు తోస్తదని యూరప్ దేశాలల్ల సరుకు కట్టే నియమాలు లెక్క కట్టినయి. పక్కలకు, వెనుకకు సగం బరువు. ఆ లెక్కన మన 500 కిలోల టాంకు ముందుకు తోసే బలం 400 కిలోలు. పందొమ్మిదేండ్ల పిల్లగాడు కాదు, పైల్వాన్ అయినా రెండు చేతులతోటి 400 కిలోలు ఆపలేడు.

బ్రేకు కాదు, గుద్దుకున్నదే అనుకుందాం. ఆబిడ్స్ రద్దీల బండ్లు ఉరకవు గదా, గంటకు 30 కిలోమీటర్లే గదా అంటరు. 30 కిలోమీటర్ల వేగంల ఉన్న వస్తువు ఒక్కసారి గోడకు తగిలితే, అది మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి కిందపడ్డట్టు. అంటే ఒక అంతస్తు స్లాబు మీదినుంచి నిండు టాంకును తోస్తే, కింద మన పిల్లగాడు చేతులు చాపి పట్టుకోవాలె. 40 కిలోమీటర్ల వేగమైతే అది ఆరు మీటర్లు దాటుతది, రెండంతస్తులు. ఇంక గట్టిగ పట్టుకునుడేంది?

ఇంకొక సంగతి. పొద్దున నిండుగ బయలుదేరిన టాంకు, మొదటి బిల్డింగు కడిగినంక సగం అయితది. బరువు తగ్గింది గదా, నయమే గదా అనుకుంటం. సగం టాంకుతోటి వేరే తంటా ఉన్నది. దాంట్ల నీళ్లకు కదలడానికి జాగ దొరికింది. బ్రేకు కొడితే నీళ్లన్ని ముందరి గోడకు పోయి కొడతయి, మలుపు తిరిగితే పక్క గోడకు. బండి ఆగినంక గూడ లోపల నీళ్లు ఆగవు. ఇది మన ఆడోళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిండు కడవ నెత్తి మీద నిలకడగ ఉంటది, సగం కడవ తొణికి మెడను గుంజుతది. అందుకే బాయి నుంచి దూరం నడిచేటోళ్లు కడవల ఇంత ఆకో, రెమ్మనో వేస్తరు, నీళ్లు తొణకకుండ. పెద్ద ట్యాంకర్లల్ల లోపల అడ్డగోడలు పెట్టేది గూడ గందుకే. కడవల రెమ్మ చేసే పనే ఆ ఇనుప గోడ చేస్తది. మన అవ్వలకు తెలిసిన ఇంజనీరింగు ఇది. ఓనర్లకు ఎందుకు తెలియదు?

తెలియక కాదు. మనిషి అగ్గువకు దొరికినప్పుడు ఇంజనీరింగు అవసరం పడదు.

మోకు కుట్టినోళ్లం మనమే

నీళ్లను పట్టి ఉంచుడు, బరువును గట్టిగ కట్టుడు మనకు కొత్త విద్య కాదు. కరెంటు మోటర్లు రాకముందు ఈ తెలంగాణల బాయిల నీళ్లు పైకి ఎట్ల వచ్చినయి? మోటతోటి. ఆ మోట బొక్కెన తోలుది. తోలును ఊనింది, కోసింది, చుక్క నీరు కారకుండ కుట్టింది మాదిగోళ్లు. ఎద్దుల మెడకు వార్లు, కాడికి పట్టెడ, చేతికి కొరడా అన్ని మన చేతి పనే. మోకు తెగితే ఎద్దు పడతది, మోట నడిపే మనిషి పడతడు. అందుకని మన తాతలు మోకును ఏడాదికొకసారి కాదు, దినాం చూసిన్రు. అరిగిందా, తడికి మెత్తబడిందా, ముడి జారుతున్నదా అని చేత్తోటి తడిమి చూసిన్రు. ఆ పనికి వాళ్లకు దొరికింది కళ్లంల ఇన్ని గింజలు. ఊరంతటికి నీళ్లు తాపిన తోలును కుట్టినోడు ఊరి బాయిల చేద వెయ్యవద్దన్నరు. మహద్‌ల చవుదారు చెరువు నీళ్లు దోసిట్ల పట్టడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేల మందిని వెంటబెట్టుకొని నడవవలసి వచ్చింది. నీళ్లకూ మనకూ ఉన్న లెక్క అది.

ఇప్పుడు చూడుండ్రి. మోట పోయింది, టాంకు వచ్చింది. ఎద్దులు పోయినయి, వ్యాను వచ్చింది. మోకు మాత్రం పోయింది గాని దాని జాగల ఇంకొక మోకు రాలేదు. ఆ జాగల మనిషిని కూసోబెట్టిన్రు. వెట్టి కాలంల దొర కచ్చురం ఎక్కి పోతుంటే ముందొకడు, వెనుకొకడు ఉరికిన్రు. ఇప్పుడు ఉరికే పని తప్పింది, బండి లోపలికి ఎక్కనిచ్చిన్రు. ఎక్కనిచ్చింది సీటు మీదికి కాదు, సరుకు నడుమకు. బండిల ఎవడు ఎక్కడ కూసుంటడో చూస్తే చాలు, ఎవని పానానికి ఎంత ఖరీదు కట్టిన్రో తెలుస్తది. ముందు సీటుకు బెల్టు ఉన్నది. టాంకుకు బెల్టు లేదు. పిల్లగానికి బెల్టు లేదు.

టాంకు ఎట్ల కట్టాలె

తిట్టి ఊకుంటే కాలు అతకదు. కాబట్టి పని సంగతి చెప్పుకుందాం. ఇది తెలిసిన మెకానిక్కులను, బండ్లు నడిపేటోళ్లను అడిగి, వాళ్ల పక్కన నిలబడి చూసి రాస్తున్నం. చదువు రాని తమ్ముళ్లకు ఇది చదివి వినిపించుండ్రి.

మొట్టమొదలు బరువు. బండి పుస్తకంల అది ఎంత మొయ్యాల్నో రాసి ఉంటది. 2005ల వచ్చిన టాటా ఏస్, మనం ‘చోటా హాథీ’ అనేది, మోసేది ముప్పావు టన్ను దరిదాపు. దాంట్ల 1,000 లీటర్ల టాంకు పెట్టి నింపితే నీళ్లే ఒక టన్ను. మోటరు, పైపులు, మనుషులు వేరే. అట్లాంటి బండికి బ్రేకులు గూడ చాలవు. ఎంత గట్టిగ కట్టినా ఆ బండి ఆగదు. కట్టే ముచ్చట తర్వాత, ముందు బండికి తగిన టాంకు ఉండాలె.

రెండోది జాగ. టాంకు వ్యానుల వెనుక తలుపు దగ్గర ఉండవద్దు. ముందరి సీట్ల వెనుక ఇనుప అడ్డగోడ పెట్టించి, టాంకును దానికి ఆనించి పెట్టాలె. నడుమ జానెడు సందు గూడ ఉండవద్దు. సందు ఉంటే టాంకు ఆ జానెడు దూరంలనే ఊపు తెచ్చుకొని గుద్దుతది. ఎత్తు టాంకు మలుపుల బోర్ల పడతది. పొట్టిగ, వెడల్పుగ ఉన్నది మేలు. పెద్దది ఒకటి కన్న చిన్నవి రెండు మేలు, ఒకదాన్ని పూర్తిగ వాడినంకనే రెండోది ముట్టుకోవచ్చు.

మూడోది చట్రం. మనం వాడే నల్ల టాంకు మిద్దె మీద కదలకుండ నిలబడి ఉండడానికి చేసింది, రోడ్డు మీద తిరగడానికి కాదు. దాని గోడ పలుచన. బెల్టు గట్టిగ గుంజితే నొక్కుకుపోతది, లూజుగ కడితే జారుతది. అందుకని దాని చుట్టూ ఇనుప యాంగ్లర్లతోటి బోను లెక్క చట్రం వెల్డింగు చేయించాలె. ఆ చట్రాన్ని బండి నేలకు బోల్టులతోటి బిగించాలె. ఉత్త రేకుకు బిగిస్తే రేకు చిరిగి బోల్టు ఊడివస్తది. చాసిస్‌కు తగిలేటట్టు బిగించాలె, కుదరకపోతే రేకు అడుగున మందమైన ఇనుప పలక పెట్టి బిగించాలె. ఇనుప బోను ఉన్న 1,000 లీటర్ల తెల్ల టాంకులు పాతవి అమ్ముతున్నరని కొందరు కొంటున్నరు. వాటిల అంతకుముందు ఏ కెమికల్ పోసిన్రో తెలియకుండ తాగే నీళ్ల టాంకులు కడిగే పనికి వాడవద్దు. పైగ నింపితే అవి చిన్న బండికి మించిన బరువు.

నాలుగోది నేల. నీళ్ల పని చేసే బండి నేల ఎప్పుడూ తడిగనే ఉంటది. తడి ఇనుము మీద టాంకు సబ్బు మీద కాలు పెట్టినట్టు జారుతది. కింద మందపాటి రబ్బరు చాప వేస్తే పట్టు పెరుగుతది.

అయిదోది బెల్టు. నైలాన్ తాడు తడిస్తే సాగుతది, ముడి జారుతది. లారీలోళ్లు వాడే రాచెట్ బెల్టులు కావాలె, బిగించే ఇనుప పిడి ఉన్నవి. ఎంత బలం ఆపుతదో చెప్పే చీటీ బెల్టుకు కుట్టి ఉంటది, చీటీ లేనిది కొనవద్దు. రెండు బెల్టులకు తక్కువ కాకుండ వెయ్యాలె. వాటి కొక్కేలు రేకు అంచులకు కాదు, బండికి బిగించిన ఇనుప కడియాలకు తగిలించాలె. ఒక ముచ్చట యాది పెట్టుకోవాలె. టాంకు పైనుంచి వేసిన బెల్టు దాన్ని కిందికి అదుముతది, అంతే. ముందుకు పోకుండ ఆపేది ముందరి అడ్డగోడ, పక్కకు పోకుండ ఆపేది చట్రం. అడ్డం లేకుండ ఉత్త బెల్టును నమ్ముకునుడు గూడ సగం మోసమే.

ఆరోది దినాం చూసుడు. నిండు టాంకు పొట్ట ఉబ్బి ఉంటది, అప్పుడు బిగించిన బెల్టు నీళ్లు తగ్గినంక లూజు అవుతది. కాబట్టి నింపినప్పుడు ఒకసారి, కొంత దూరం పోయినంక ఒకసారి, నీళ్లు వాడినంక ఒకసారి బిగించాలె. పని అయిపోయినంక సగం నీళ్లు మిగిలితే ఇంకొక కాడికి మోసుకుపోవద్దు. ఆ బిల్డింగుల చెట్లకో, కడుగుడుకో వాడి ఖాళీ చెయ్యాలె. నిండుగనన్న పోవాలె, ఖాళీగనన్న పోవాలె. మోటరు, పైపు చుట్ట, సీసాలు గూడ కట్టాలె. అవి గూడ ఎగురుతయి.

ఏడోది, అన్నిటికన్న పెద్దది. పైన చెప్పిన ఆరూ చేసినా సరే, సరుకు దగ్గర మనిషి కూసోవద్దు. సీటు ఉంటేనే ఎక్కాలె. సీట్లు రెండే అయితే మూడోవాడు బస్సుల వస్తడు, మెట్రోల వస్తడు. నాంపల్లిల మెట్రో స్టేషన్ ఉన్నది, గాంధీభవన్ దగ్గర ఉన్నది. ఆ టికెట్టు పైసలు ఓనరు ఇయ్యాలె.

ఇదంతటికి ఎంత అయితది? రెండు బెల్టులకు పిల్లగాని రెండు మూడు దినాల కూలి. చట్రం వెల్డింగుకు ఇంకొన్ని దినాల కూలి. కాలుల వేసిన రాడ్డు ఖర్చుతోటి పోల్చి చూసుకోండి.

ఓనరు మనోడే అయితే?

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన ముచ్చట. ఇప్పటిదాక ఓనరు అంటే మీరు ఏ పెద్ద కులపోన్నో అనుకొని ఉంటరు. కాదు. ఓనరు మనోడే. మన వాడకు చుట్టం గూడ. పదేండ్లు ఇంకొకని కింద ఇదే టాంకులు కడిగి, ఇదే తీరుగ వెనుక కూసోని తిరిగి, ఆఖరుకు సొంత బండి కొన్నడు. మా సంఘం మీటింగుల ఆయనను నిలబెట్టి చప్పట్లు గూడ కొట్టినం.

పిల్లగాని తల్లి మా ఇంటికి వచ్చి, ‘‘సారూ, ఆయన మనోడు, కేసు పెట్టకుండ్రి, బండి పోతే ఆయన గూడ రోడ్డు మీద పడతడు’’ అన్నది. మా సంఘంల గూడ రెండు మాటలు వచ్చినయి. మనోన్ని మనమే పోలీసులకు పట్టిస్తే నవ్వేది ఎవరు అని కొందరు. ఆ మాటను మేము తీసిపారెయ్యలేదు. అయినా ఒక ప్రశ్న అడిగినం. విరిగిన కాలు గూడ మనదే గదా? ఓనరు మనోడని ఊకుంటే, ఆ కాలు ఎవరిది?

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2021 ఆగస్టుల హుజూరాబాద్ నుంచి మొదలైన దళితబంధుల కుటుంబానికి 10 లక్షల చొప్పున వస్తే, చాలామంది తీసుకున్నది బండ్లే. అంతకుముందు 2017ల హైదరాబాద్ జలమండలి డిక్కీ తోడ్పాటుతోటి ఇరుకు గల్లీలల్ల తిరిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది, మ్యాన్‌హోల్‌ల మనిషి దిగవద్దని. మంచిదే. అవి ఆ పని కోసమే తయారైన బండ్లు, వాటి టాంకు బండితోపాటే బిగించి వస్తది. మనం సొంతంగ కొన్న పాత వ్యానుల టాంకును బిగించవలసింది మనమే. స్టీరింగు మన చేతికి వచ్చింది. వచ్చినంక గూడ వెనుక టాంకు పక్కన మన పిల్లగాన్నే కూసోబెడితే, మారింది ఏమిటి? ముందు సీట్ల మనిషి మారిండు, అంతే. దొర దగ్గర నేర్చుకున్నది మనం దొరలమైనంక చేస్తమా?

ఓనరు తమ్ముడు అన్న మాటలు గూడ రాయాలె. ‘‘సార్, లాడ్జీలోళ్లు రేటు గుంజుతరు. నేను చట్రం, బెల్టు, బస్సు టికెట్టు అని లెక్క చెబితే పక్కోనికి పని ఇస్తరు.’’ నిజమే. పెద్ద బిల్డింగు యజమాని తన టాంకు తళతళ మెరవాలంటడు గాని, దాన్ని కడిగే పిల్లగాడు ఎట్ల వచ్చిండని అడగడు. అందుకే ఇది ఒక్క ఓనరును తిట్టితే తీరేది కాదు. ఆబిడ్స్, నాంపల్లిల ఈ పని చేసే చిన్న ఓనర్లందరు, పనోళ్లందరు ఒకటై, ఇంతకు తక్కువ రేటుకు, టాంకు కట్టని బండితోటి పని చెయ్యం అనాలె. ఒక్కడంటే పని పోతది. అందరంటే రేటు వస్తది.

కాయిదం ముచ్చట

చట్టం గురించి రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ల, 2019 సవరణ తర్వాత, మించిన బరువు ఎక్కించిన బండికి 20,000 జరిమానా, మించిన ప్రతి టన్నుకు ఇంకొక 2,000 అని రాసి ఉన్నది. సరుకుబండ్ల ఊరికె ఎక్కిన ప్రయాణికునికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002ల ఆశారాణి కేసుల చెప్పింది. ఆ బండి మీద పనిచేసే పనోని సంగతి వేరు, అతని పరిహారం బాధ్యత బీమాల ఉంటది. ఇక్కడనే మనల్ని దెబ్బకొడతరు. ప్రమాదం కాంగనే ‘వాడు మా పనోడు కాదు, లిఫ్టు అడిగి ఎక్కిండు’ అంటరు. కాబట్టి పనిల చేరిన దినమే ఒక కాయిదం, ఒక హాజరు చీటీ, కూలి ఫోనుల వేసిన సాక్ష్యం ఏదో ఒకటి దగ్గర పెట్టుకోవాలె.

పని చేస్తుంటే దెబ్బ తగిలిన కూలికి యజమాని పరిహారం ఇయ్యాలన్న చట్టం 1923 నుంచే ఉన్నది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌ల కలిసింది. పేరు మారింది, సూత్రం ఉన్నది. రోడ్డు ప్రమాద పరిహారం అడగడానికి ఆరు నెలల గడువును గూడ చట్టంల పెట్టిన్రు. దాని మీద వకీళ్ల వాదనలు ఎట్లున్నా మనం ఆరు నెలలు దాటనియ్యవద్దు. 2025 మేల కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం, జాబితాల ఉన్న దవాఖానలల్ల రోడ్డు ప్రమాదం బాధితునికి ఏడు దినాల వరకు, లక్షన్నర వరకు పైసలు కట్టకుండ వైద్యం చెయ్యాలె. ఈ ముక్క దవాఖాన గేటు దగ్గరనే అడగాలె, ఇంటికి వచ్చినంక కాదు.

మ్యాన్‌హోల్‌ల చచ్చిపోయిన మనిషికి 10 లక్షలని 2014ల, 30 లక్షలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు అన్నది. ఆ అంకెలు కోర్టు దయతోటి రాలేదు. సఫాయి కార్మికులు ఒక్కొక్క చావును లెక్కబెట్టి, కాయిదం మీద పెట్టి కొట్లాడితే వచ్చినయి. సరుకు కింద నలిగిన కాళ్లను, చేతులను ఎవరూ లెక్కబెట్టలేదు. మనం మొదలుపెట్టాలె. 1942 నుంచి 1946 దాక వైస్రాయి కౌన్సిల్ల కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఆయన విగ్రహానికి దండ వేసే మనం, ఆయన చూసిన శాఖ ఏమిటిదో గూడ యాది చేసుకోవాలె.

మన కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. ప్రతి వాడల, పట్నం పోయి పనిచేసే పిల్లల పేర్లు రాయుండ్రి. ఏ పని, ఏ బండి, ఎక్కడ కూసుంటడు, దేనితోటి కట్టిన్రు అని అడగండి. దెబ్బ తగిలినోళ్ల వివరం వేరే పుస్తకంల రాయుండ్రి. పిల్లలకు బండి ఎక్కేముందు మూడు ప్రశ్నలు నేర్పుండ్రి. టాంకు దేనితోటి కట్టి ఉన్నది? నేను కూసునే సీటు ఏది? నన్ను పనోడని రాసుకున్న కాయిదం ఏది? మూడిట్ల ఒక్కదానికి జవాబు లేకపోయినా ఎక్కవద్దు. ‘నువ్వు కాకపోతే ఇంకొకడు ఎక్కుతడు’ అంటరు. ఆ ఇంకొకడు గూడ మన వాడోడే. అందుకే ఆ ఇంకొకనికి గూడ ముందుగాలనే చెప్పి ఉంచాలె.

ఆబిడ్స్ పేరు ఎట్ల వచ్చిందో బడిల పిల్లలకు చెప్తుంటం. ఆరో నిజాం కొలువుల పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ దుకాణం పెట్టిండు, ఆ పేరే బజారుకు నిలిచింది. కొలువు చేసినోని పేరు బజారుకు పెట్టిన పట్నం ఇది. ఆ బజార్ల టాంకులు కడిగిన పిల్లగాని పేరు హాజరు పుస్తకంల గూడ లేదు. మేము అడిగేది రోడ్డుకు పేరు కాదు. పుస్తకంల ఒక లైను, బండిల ఒక సీటు, టాంకుకు నాలుగు బోల్టులు.

చివరకు ఏమైందంటే, మూడు సార్లు కూసుంటే ఓనరు నాలుగు నెలల కూలి ఇస్తనని రాసిచ్చిండు. రెండు నెలలది ఇచ్చిండు. మిగిలినదాని కోసం తిరుగుతున్నం, ఇయ్యకపోతే చుట్టరికం చూడకుండ దరఖాస్తు పెడతమని ఆయన ముందరనే చెప్పినం. వ్యానుల చట్రం పడ్డది, బోల్టులు పడ్డయి, రెండు బెల్టులు వచ్చినయి. పిల్లగాని కాలుల రాడ్డు పడ్డంక టాంకుకు బోల్టు పడ్డది. ఇది ముందటిది వెనుక, వెనుకటిది ముందు అయిన పని. ఇంకొక బండిల ఇట్ల కావద్దనే ఇంత రాసినం.

పిల్లగాడు ఇప్పుడు కర్ర పట్టుకొని వాడల నడుస్తున్నడు. పోయిన ఆదివారం ఈ లెక్కంతా పలక మీద వేసి చూపెట్టినం. 500 కిలోలు, 400 కిలోల తోపుడు, ఒక అంతస్తు ఎత్తు. చాలాసేపు చూసిండు. ‘‘అయితే నేను పట్టుకున్నా ఆగకపోవు గదా సార్’’ అన్నడు.

ఆగకపోవు బిడ్డా. నువ్వు మనిషివి, మోకువు కాదు.